మనవరాలి కారు సీటు: బలం ఎటు పోతుందన్నదే నా ప్రశ్న

మా మనవరాలికి పది నెలలు నిండేసరికి, పుట్టినప్పుడు కొన్న బుట్టలాంటి కార్ సీటు చాలకుండా పోయింది. తల పైఅంచు దాకా వచ్చేసింది. కొత్తది కొనాలి. మా అమ్మాయి రాత్రిళ్ళు ఫోనులో రివ్యూలు చదివి, వీడియోలు చూసి, చివరికి "అమ్మా, చదివినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఏది కొనాలో నువ్వే తేల్చు" అంది. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయిన టీచర్ని. బస్సుకు బ్రేకు పడితే నిలబడ్డవాళ్ళు ముందుకు తూలతారని జడత్వం పాఠంలో ఏటా చెప్పేదాన్ని. ఈసారి అదే పాఠాన్ని మనవరాలి కోసం కూర్చుని చదువుకున్నాను.

ప్రకటనల్లో ముందుగా కనిపించేవి గుడ్డ రంగు, మెత్తదనం, నీళ్ళ సీసా పెట్టుకునే చోటు. వాటన్నిటినీ పక్కన పెట్టాను. ప్రతి సీటు విషయంలోనూ ఒక్కటే చూసుకున్నాను: కారు ఉన్నట్టుండి ఆగిపోతే పిల్ల ఒంట్లో ఏ భాగం మీద బలం పడుతుంది, అక్కడి నుంచి అది ఎటు పోతుంది? ఇది పట్టుకున్నాక మిగతా విషయాలు ఒక్కొక్కటిగా విడిపోయాయి.

అసలు సీటే ఎందుకని మా వియ్యపురాలు అడిగారు. "తల్లి ఒడికన్నా భద్రమైన చోటు ఎక్కడుంటుంది వదినా?" అన్నారు. ఆవిడ ప్రేమతోనే అడిగారు. ఇలా అడిగే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు కాబట్టి ఆవిడకు చెప్పిన లెక్క ఇక్కడ కూడా రాస్తున్నాను. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో కారు గోడకు గుద్దుకుని, ముందుభాగం నుజ్జయి, అర మీటరు దూరంలో ఆగిందనుకుందాం. అంతా జరగడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఆ క్షణంలో ప్రతి వస్తువూ సగటున తన బరువుకు 20 రెట్లు బరువున్నట్టు ముందుకు లాగుతుంది. మా చిన్నది 9 కిలోలు. అంటే 180 కిలోలు. చేతులతో పట్టుకుని ఆపాల్సింది అంత. ఏ తల్లి చేతులూ అది చేయలేవు, ఎంత గట్టిగా హత్తుకున్నా సరే.

పైగా ఒళ్లో పెట్టుకున్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే ఆ మనిషి శరీరం కూడా అదే వేగంతో పిల్ల మీదికి వస్తుంది. ఒకే బెల్టులో ఇద్దరినీ కలిపి బిగిస్తే మరీ ప్రమాదం. పెద్దవాళ్ళ ఒంటి బరువంతా పిల్లను బెల్టుకేసి నొక్కేస్తుంది. "మెల్లగా వెళ్తాం కదా?" అన్నారు ఆవిడ. వేగం సగమైతే శక్తి నాలుగో వంతవుతుంది, నిజమే. కానీ కారు ముందుభాగం కూడా తక్కువే నలుగుతుంది, ఆగే దూరం తగ్గుతుంది. కాబట్టి బలం మనం ఆశించినంత తగ్గదు. ఆవిడ లెక్క కాగితం తీసుకుని కాసేపు చూసి, "అయితే మంచిదే కొనండి" అన్నారు.

ఇక అసలు విషయం, నేను ఎవరితోనైనా పట్టుబట్టి వాదించే విషయం: పిల్ల ఎటు తిరిగి కూర్చోవాలి?

మా అల్లుడు, "ఏడాది నిండుతోంది కదా అత్తయ్యా, ఇక ముందుకు తిప్పేద్దాం. రోడ్డు చూస్తూ సరదాగా ఉంటుంది" అన్నాడు. నేను వద్దన్నాను. చంటిపిల్లల శరీరం పెద్దవాళ్ళ శరీరానికి చిన్న నకలు కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో తలే దాదాపు నాలుగో వంతుంటుంది. మనకైతే ఏడెనిమిదో వంతే. అంత పెద్ద తలను మోసేది సన్నని మెడ. ఆ మెడలోని వెన్నుపూసలు ఇంకా గట్టిపడిన ఎముకలు కావు. ఒక్కో పూసా ముక్కలుగా ఉండి, మధ్యలో మృదులాస్థితో అతుక్కుని ఉంటుంది. అవి కలిసి ఒకటే ఎముకగా మారడం చాలావరకు మూడు నుంచి ఆరేళ్ళ మధ్య జరుగుతుంది. కారు ఎదురుగా గుద్దుకున్నప్పుడు, ముందుకు తిరిగి కూర్చున్న పిల్ల మొండేన్ని పట్టీలు ఆపుతాయి, తలను ఆపేది ఏదీ ఉండదు. తల ముందుకు విసురుగా పోతుంది, దాని బరువంతా మెడ మీద పడుతుంది. పూసల మధ్య సాగే గుణం ఉన్నా లోపలి వెన్నుపాము అంతగా సాగదు. భయమంతా అక్కడే.

వెనక్కి తిరిగి కూర్చుంటే అదే ప్రమాదంలో తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు గుల్లలోకి ఒత్తుకుంటాయి. బలం వీపంతా పరుచుకుంటుంది, మెడ వంగదు. 1960ల్లో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే పరిశోధకుడికి ఈ ఆలోచన అమెరికావాళ్ళ జెమిని అంతరిక్ష నౌకలో వ్యోమగాముల సీట్లు చూసి వచ్చింది. రాకెట్ పైకి లేచేటప్పుడు పడే భారాన్ని వాళ్ళు వీపుతో భరించేలా పడుకునేవారు. పిల్లలకూ అలాగే ఎందుకు చేయకూడదని ఆయన అనుకున్నాడు. 1972లో వోల్వో వెనక్కి తిరిగే పిల్లల సీటును అమ్మకానికి తెచ్చింది. స్వీడన్‌లో పిల్లలను నాలుగేళ్ళ దాకా అలా కూర్చోబెట్టడం ఇప్పటికీ మామూలే. అక్కడ ప్లస్ టెస్ట్ అని ఒక కఠినమైన పరీక్ష ఉంది. అందులో మెడ మీద పడే బలాన్ని కొలుస్తారు. అది నెగ్గినవన్నీ వెనక్కి తిరిగే సీట్లే. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం కూడా 2018లో "రెండేళ్ళ దాకా" అన్న తన పాత మాటను మార్చి, సీటు అనుమతించే బరువు, ఎత్తు దాటేదాకా వెనక్కే ఉంచమంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు అందరి దగ్గరా ఒకటే. కాళ్ళు ఇరుకవుతాయి కదా అంటారు. పిల్లలు కాళ్ళు మడుచుకుని, బాసింపట్టు వేసుకుని, సీటు అంచు మీద పెట్టుకుని ఎలాగైనా కూర్చుంటారు, వాళ్ళకు అది ఇబ్బంది కాదు. వెనకనుంచి ఎవరైనా గుద్దితే ఎలా అని మా అల్లుడు అడిగాడు. మంచి ప్రశ్న. వెనకనుంచి గుద్దే వాహనం సాధారణంగా మన కారు వెళ్ళే దిక్కులోనే వస్తుంది, కాబట్టి మన కారు వేగంలో మార్పు తక్కువగా ఉంటుంది. ప్రాణాల మీదికి తెచ్చేవి ఎక్కువగా ఎదురు దెబ్బలు, పక్క నుంచి తగిలే దెబ్బలు. ఆ తర్వాత అతను మళ్ళీ ముందుకు తిప్పుదామనలేదు.

వెనక్కి తిరిగే సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు. ఆ బ్యాగ్ రెప్పపాటులో విచ్చుకుని సీటు వీపును, అంటే సరిగ్గా బిడ్డ తల వెనక భాగాన్ని కొడుతుంది. పిల్లలు వెనక సీటులోనే ఉండాలి. ఇందులో చర్చ లేదు.

సీట్ల మీద అతికించిన స్టిక్కరు చదవడం నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఐక్యరాజ్యసమితి నిబంధనల్లో పాతది ఆర్44, కొత్తది 2013లో అమల్లోకి వచ్చిన ఆర్129. నారింజరంగు స్టిక్కరు మీద గుండ్రంలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ అంకె అనుమతిచ్చిన దేశానికి గుర్తు. ఆర్44లో సీట్లను పిల్లల బరువును బట్టి గ్రూపులుగా విడగొట్టారు. ఆర్129లో ముఖ్యంగా ఎత్తు చూస్తారు. నాకు ఇదే నచ్చింది, ఎందుకంటే పిల్ల ఎత్తు చాలామంది ఇళ్ళలో తెలుస్తుంది, పట్టీలు, తల ఆనే చోటు సరిపోవాల్సింది ఎత్తుతోనే. పైగా ఆర్129లో పక్క నుంచి తగిలే దెబ్బకు కూడా పరీక్ష ఉంది, పదిహేను నెలలు దాటేదాకా వెనక్కి తిరిగే కూర్చోవాలన్న నియమం ఉంది. అమెరికా సీట్ల మీద ఎఫ్ఎమ్‌వీఎస్ఎస్ 213 అన్న ప్రమాణం ఉంటుంది. రెండు పద్ధతుల్లోనూ ఎదురు దెబ్బ పరీక్ష దాదాపు గంటకు 50 కిలోమీటర్ల వేగంతోనే చేస్తారు.

ఏ స్టిక్కరూ లేనివాటిని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆన్‌లైనులో గుడ్డతో కుట్టి, నాలుగు పట్టీలు తగిలించి, "ఎక్కడికైనా మడిచి తీసుకెళ్ళొచ్చు" అని అమ్ముతుంటారు. గట్టి గుల్ల లేదు, కారుకు బిగించే సరైన ఏర్పాటు లేదు. బలం ఎటు పోతుందని అడిగితే వాటి దగ్గర జవాబే ఉండదు. పిల్లను కదలకుండా కూర్చోబెట్టడం వేరు, దెబ్బ నుంచి కాపాడటం వేరు.

తెలిసినవాళ్ళు ఒకరు వాడేసిన సీటు ఇస్తామన్నారు. మనసు మంచిదే. కానీ దాని స్టిక్కరు చిరిగిపోయింది, మాన్యువల్ లేదు, మధ్యలో అది ఇంకొకరి చేతికి వెళ్ళి వచ్చింది. పెద్ద ప్రమాదంలో ఉన్న సీటుకు పైకి కనబడని పగుళ్ళు ఉండొచ్చు. ప్లాస్టిక్ ఎండకు, వయసుకు పెళుసవుతుంది. అందుకే చాలా కంపెనీలు సీటు కింద తయారీ తేదీ, వాడకం గడువు అచ్చు వేస్తాయి. సొంత అక్కచెల్లెళ్ళో అన్నదమ్ములో వాడి, చరిత్ర అంతా తెలిసి, గడువు లోపల ఉంటే పాత సీటు తీసుకోవడంలో తప్పులేదు. తెలియకపోతే వద్దనడమే మేలు.

ఇక మా అమ్మాయికి బాగా నచ్చిన సీటు సంగతి. పరీక్షల్లో మంచి మార్కులు, మంచి రివ్యూలు. కారులో పెట్టి చూస్తే, సరైన వాలులో ఉంచడానికి ముందు సీటును ఎంత ముందుకు జరపాల్సి వచ్చిందంటే మా అల్లుడి మోకాళ్ళు డాష్‌బోర్డుకు తగిలాయి. అలా కూర్చుని బండిలో వెళ్ళడం అతనికీ ప్రమాదమే. తర్వాత చూసినదానికి సపోర్ట్ లెగ్ ఉంది. అంటే సీటు ముందు నుంచి కారు నేల మీదికి దిగే కాలు. అది దెబ్బ తగిలినప్పుడు సీటు ముందుకు బోర్లపడకుండా బలాన్ని నేలకు పంపుతుంది. మా వాళ్ళ కారులో సరిగ్గా అక్కడే నేలలో సామాన్లు దాచుకునే గూడు, దాని మీద పలుచటి మూత ఉన్నాయి. ఆ మూత మీద కాలు ఆనితే బలం ఎటు పోతుంది? మూత విరిగి కిందికి పోతుంది. కారు మాన్యువల్లో కూడా అక్కడ పెట్టొద్దనే ఉంది. అంతే, ఆ సీటూ పోయింది. అందుకే కొనేముందు మీ కారులోనే పెట్టి చూడమని అందరికీ చెబుతాను. ఎంత గొప్ప సీటైనా మీ కారుకు కుదరకపోతే మీ పిల్లకు పనికిరాదు.

బిగించే పద్ధతులు రెండు. ఒకటి కారు బెల్టుతో, రెండోది ఐసోఫిక్స్‌తో. ఐసోఫిక్స్ అంటే వెనక సీటు కూర్చునే భాగం, ఆనుకునే భాగం కలిసే మడతలో దాగి ఉండే రెండు ఇనుప కడ్డీలు. రెంటి మధ్య దూరం 28 సెంటీమీటర్లు. సీటు కొక్కేలు వాటికి టక్కున పట్టుకుంటాయి. సీటు బోర్లపడకుండా మూడో ఆధారంగా సపోర్ట్ లెగ్ గానీ, సీటు పైనుంచి వెనక్కి లాగి బిగించే టాప్ టెథర్ పట్టీ గానీ ఉంటుంది. సరిగ్గా బిగిస్తే బెల్టు కూడా ఐసోఫిక్స్ అంత గట్టిదే. ఐసోఫిక్స్‌లో పొరపాటుకు చోటు తక్కువ, తేడా అంతే. మాన్యువల్ స్పష్టంగా చెబితే తప్ప రెండూ కలిపి వాడకూడదు. ఐసోఫిక్స్‌కు బరువు పరిమితి ఉంటుందన్నది చాలామంది పట్టించుకోరు. పిల్ల పెరుగుతున్నకొద్దీ పిల్ల బరువు, సీటు బరువు కలిపి చూసుకోవాలి.

వెనక సీటు మధ్యలో పెడితే పక్క దెబ్బకు దూరంగా ఉంటుందన్న మాట సరైనదే. కానీ మధ్యలో చాలా కార్లకు ఐసోఫిక్స్ ఉండదు, కొన్నిటికి అక్కడ సీటు ఉబ్బెత్తుగా ఉంటుంది. వదులుగా మధ్యలో కంటే గట్టిగా పక్కనే నయం. మేము డ్రైవర్ వెనక కాకుండా అటు పక్కన పెట్టాం. బిగించాక, బెల్టు లేదా కొక్కెం వెళ్ళే చోట సీటును చేత్తో పట్టుకుని ముందుకూ పక్కలకూ కదిపి చూడాలి. రెండున్నర సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదిలితే మళ్ళీ బిగించాలి. పైభాగం కొద్దిగా ఊగినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, చూడాల్సింది బిగించిన చోటునే.

చివరికి తీసుకున్నది 105 సెంటీమీటర్ల ఎత్తు దాకా వెనక్కే కూర్చోబెట్టగలిగే ఆర్129 సీటు. తలుపు వైపుకు తిరుగుతుంది, అదొక సౌకర్యం. వంగి పిల్లను లోపల కూర్చోబెట్టాలంటే నడుం పట్టేస్తుంది. అలా తిరిగితే పట్టీలు తీరిగ్గా చూసి పెట్టొచ్చు. బండి కదిలే ముందు దాన్ని మళ్ళీ వెనక్కి తిప్పి, లాక్ పడిందో లేదో చూడటం మాత్రం మరవకూడదు.

ఎంత మంచి సీటు కొన్నా పట్టీలు వదులుగా ఉంటే ప్రయోజనం లేదు. పట్టీ వదులుగా ఉంటే కారు ఆగడం మొదలైనా పిల్ల ఆగదు. ఆ వదులంతా దాటి, ఒక్కసారిగా పట్టీకి కొట్టుకుంటుంది. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు పట్టీలు భుజం ఎత్తులోనో కాస్త కిందనో సీటులోంచి రావాలి. ముందుకు తిరిగినప్పుడు భుజం ఎత్తులోనో కాస్త పైనో. బకిల్ పెట్టి బిగించాక భుజం దగ్గర పట్టీని వేళ్ళతో గిల్లినట్టు పట్టుకుని చూడండి. మడత వేళ్ళ మధ్యకు వస్తే ఇంకా బిగించాలి. చలికని లావుపాటి కోటు వేసి బిగిస్తే పైకి గట్టిగానే కనబడుతుంది. దెబ్బకు కోటులోని దూది అణిగిపోయి పట్టీ వదులైపోతుంది. కోటు తీసి, బిగించి, పైన దుప్పటి కప్పితే సరి. సీటుతో పాటు రాని మెత్తలు, తలదిండ్లు, పట్టీ తొడుగులు అదనంగా కొని పెట్టొద్దు. ఆ సీటును వాటితో పరీక్షించలేదు.

అప్పుడే పుట్టిన పిల్లలున్నవాళ్ళకు ఒక మాట. సీటు మరీ నిటారుగా ఉంటే నిద్రలో తల ముందుకు వాలి, గడ్డం గుండెకు ఆని, ఊపిరి అందకపోవచ్చు. అందుకే సీటు మీద వాలు చూపించే గీత లేదా బుడగ ఉంటుంది. దూరప్రయాణంలో మధ్యమధ్య ఆపి, పిల్లను బయటికి తీసి పడుకోబెట్టాలి. ఇంటికి చేరాక నిద్ర చెడుతుందని బుట్ట సీటులోనే గంటల తరబడి వదిలేయడం మాత్రం వద్దు. మా ఇంట్లో ఈ విషయంలో నేను కొంచెం కఠినంగానే ఉండేదాన్ని. పడుకున్న పిల్లనైనా లేపి పక్క మీద వేయించేదాన్ని.

ముందు ముందు బూస్టర్ వస్తుంది. పట్టీల సీటు దాటిన పిల్లలను కారు బెల్టుకు సరిపడేలా ఎత్తులో కూర్చోబెట్టే సీటది. బెల్టు కింది భాగం తొడల మొదట్లో, తుంటి ఎముకల మీదుగా పోవాలి. చిన్నపిల్లలకు ఆ ఎముకలు ఇంకా సరిగ్గా ఎదగవు కాబట్టి బెల్టు పైకి జారి కడుపు మీదికి వస్తుంది. అక్కడ ఎముక లేదు, మెత్తని అవయవాలే. పైభాగం మెడను రాయకుండా భుజం మధ్యగా పోవాలి. దాదాపు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, అంటే చాలామందికి పది, పన్నెండేళ్ళ దాకా, ఇది అవసరమవుతుంది. వీపు లేని మెత్త కంటే తలకు అటూ ఇటూ రెక్కలున్న, వీపున్న బూస్టర్ కొనమని మా అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచాను. నిద్రలో పిల్ల పక్కకు ఒరిగినా బెల్టు చోటు తప్పదు.